డేటా సైన్స్ హోమ్‌వర్క్, పీర్ రివ్యూ: రూబ్రిక్ చదవడం దగ్గర్నుంచి రివ్యూకి జవాబు రాసేదాకా

డేటా సైన్స్ కోర్సులో నాకొచ్చిన మొట్టమొదటి పీర్ రివ్యూ (తోటి విద్యార్థి మన పని చూసి రాసే అభిప్రాయం) ఒకే ఒక్క లైన్. "మూడో సెల్ దగ్గర ఎర్రర్ వచ్చింది, ఆ తర్వాత ఏమీ చూడలేకపోయాను." అంతే. రెండు వారాంతాలు కూర్చుని చేసిన పని, గ్రాఫులకి రంగులు కూడా ఏరి ఏరి పెట్టా, చూసినవాళ్ళు మాత్రం మూడో సెల్ దాటలేదు (నోట్‌బుక్ అంటే కోడ్, ఫలితాలు, రాత అన్నీ ఒకేచోట ఉండే ఫైల్, అందులో ఒక్కో పెట్టె ఒక సెల్). ఏం జరిగిందంటే డేటా ఫైల్ అడ్రస్ నా లాప్‌టాప్ డెస్క్‌టాప్‌ది ఇచ్చేశా, ఆ ఫోల్డర్ ఇంకెవరి మెషీన్లోనూ ఉండదు కదా. ముందు కోపమొచ్చింది, ఆ ఒక్క లైన్ మార్చుకుని రన్ చేసుకోవచ్చుగా అని. తర్వాత నా వంతుకి మూడు నోట్‌బుక్కులు రివ్యూకొచ్చాయి, అందులో రెండు నాదాని కంటే ఘోరంగా ఆగిపోయాయి, ఇంకోడి ఫోల్డర్లు సరిచేస్తూ గంట కూర్చున్నాక కోపం మొత్తం దిగిపోయింది.

ఆ తర్వాత రెండు సెమిస్టర్లు అదే కోర్సుకి టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చేశా, కొన్ని వందల సబ్మిషన్లు, వాటి మీద పిల్లలు రాసిన రివ్యూలు చదివా. కింద రాసేదంతా అక్కడ్నుంచి వచ్చిందే. పైథాన్ భాష, జూపిటర్ నోట్‌బుక్ అనుకుని రాస్తున్నా, ఆర్ అనే భాష వాడేవాళ్ళకీ దాదాపు ఇదే.

1. ముందు రూబ్రిక్, తర్వాతే డేటా

అసైన్‌మెంట్ రాగానే అందరం చేసే పని డేటా ఫైల్ డౌన్‌లోడ్ చేసి తెరవడం. ఒక్క పది నిమిషాలు ఆగి ప్రశ్నలు, రూబ్రిక్ (దేనికి మార్కులేస్తారో చెప్పే జాబితా) రెండూ పూర్తిగా చదవండి. పీర్ రివ్యూ ఉన్న కోర్సులో రేపు మీ క్లాస్‌మేట్ చేతిలో ఉండేది ఆ రూబ్రిక్కే, వాళ్ళు ఒక్కో లైనూ చూసి టిక్కు పెట్టుకుంటూ పోతారు. అందుకే నేనేం చేస్తానంటే రూబ్రిక్‌లో ఉన్న ఒక్కో లైన్‌ని ఖాళీ నోట్‌బుక్‌లో ఒక్కో హెడ్డింగ్‌గా పెట్టేస్తా, కింద కోడ్ తర్వాత నింపుకుంటా. "మిస్సింగ్ వ్యాల్యూస్‌ని ఏం చేశారో, ఎందుకో చెప్పారా" అని రూబ్రిక్ అడిగితే ఆ పేరుతోనే ఒక సెక్షన్ ఉంటుంది. మీరు ఆ పని చేసినా ఇరవయ్యో సెల్ మధ్యలో ఎక్కడో దాచేస్తే రివ్యూయర్‌కి దొరకదు, మార్కు రాదు, మీరేమో అన్యాయం అంటారు.

2. ఫోల్డర్ సర్దుకోవడం

దీని మీద పెద్దగా చెప్పను. ఒరిజినల్ డేటాకి ఒక ఫోల్డర్, దాన్ని చచ్చినా ముట్టుకోకూడదు, ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కూడా కొట్టకూడదు (తేదీల్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది, ముందున్న సున్నాల్ని మింగేస్తుంది). క్లీన్ చేసినదానికి ఇంకో ఫోల్డర్. కోడ్‌లో ఫైల్ అడ్రస్ ఎప్పుడూ ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచే మొదలవ్వాలి, మీ డ్రైవ్ పేరూ మీ యూజర్ పేరూ అందులో కనపడకూడదు. ఏ లైబ్రరీలు (తెచ్చుకుని వాడే రెడీమేడ్ కోడ్), ఏ వెర్షన్లు వాడారో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. గిట్ (ఫైళ్ళ పాత వెర్షన్లు దాచిపెట్టే టూల్) వాడటం వస్తే వాడండి, రాకపోతే కనీసం "ఫైనల్", "ఫైనల్ ఫైనల్", "ఇదే అసలు ఫైనల్" అని పేర్లు పెట్టకుండా తేదీ పెట్టుకోండి.

3. లెక్కపెట్టండి, మళ్ళీ లెక్కపెట్టండి

మోడల్ (డేటా చూసి నేర్చుకుని జవాబు ఊహించే ప్రోగ్రామ్) జోలికెళ్ళే ముందు డేటాలో ఎన్ని వరసలున్నాయి, ఏ కాలమ్‌లో ఎన్ని ఖాళీలున్నాయి అనేది రాసుకోండి. దాదాపు ప్రతి కోర్సులో ఒకసారైనా తగిలే టైటానిక్ డేటానే తీసుకుందాం. కాగుల్ అనే డేటా పోటీల సైట్‌లో దొరికే ట్రైనింగ్ ఫైల్‌లో 891 మంది ప్రయాణికులుంటారు, వాళ్ళలో 177 మందికి వయసు లేదు, 687 మందికి క్యాబిన్ నంబర్ లేదు. ఇప్పుడు ఆలోచించకుండా ఖాళీ ఉన్న వరసలన్నీ తీసేసే కమాండ్ కొట్టారనుకోండి, క్యాబిన్ కాలమ్ పుణ్యమా అని మూడొంతుల మంది ఎగిరిపోతారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఫస్ట్ క్లాస్ వాళ్ళే, ఎందుకంటే క్యాబిన్ నంబర్లు ఎక్కువగా వాళ్ళవే ఉన్నాయి. ఎర్రరేమీ రాదు, గ్రాఫులు చక్కగా వస్తాయి, మీరు చెప్పేది మాత్రం ఓడలో ఉన్నవాళ్ళ గురించి అవ్వదు, డబ్బున్నవాళ్ళ గురించి అవుతుంది.

రెండు టేబుల్స్ కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్త. కలపక ముందు ఎన్ని వరసలు, కలిపాక ఎన్ని, ఈ రెండు నంబర్లూ ప్రింట్ చేసి నోట్‌బుక్‌లో వదిలెయ్యండి. ఐదొందల వరసల టేబుల్ కలిపాక ఐదొందల ముప్ఫై అయ్యిందంటే రెండో టేబుల్‌లో ఏదో ఐడీ రెండుసార్లుందని అర్థం, అది పట్టుకోకపోతే తర్వాత తీసే సగట్లన్నీ కాకి లెక్కలే. పాండాస్‌లో (పైథాన్‌లో టేబుల్స్ కోసం వాడే లైబ్రరీ) కలిపేటప్పుడు ఇది ఒకటికి ఒకటే జతవ్వాలి అని చెప్పే వాలిడేట్ ఆప్షన్ ఉంటుంది, అది పెడితే తేడా వచ్చినప్పుడు అదే ఆగి అరుస్తుంది. ఇంకొకటి, వ్యాల్యూ కౌంట్స్ (ఏ విలువ ఎన్నిసార్లుందో లెక్కపెట్టేది) మామూలుగా వాడితే ఖాళీల్ని లెక్కలోకి తీసుకోదు, గ్రూప్‌బై (వరసల్ని గ్రూపులుగా విడగొట్టేది) కూడా గ్రూప్ పేరు ఖాళీగా ఉన్న వరసల్ని చడీచప్పుడు లేకుండా పక్కకి నెట్టేస్తుంది. రెండిట్లోనూ డ్రాప్ ఎన్ఏ ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తేనే అవి బయటికొస్తాయి. మొత్తం కూడితే ఒరిజినల్ సంఖ్య వస్తుందా లేదా చూసుకునే అలవాటు ఒక్కటి ఉంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

4. మోడల్ కట్టేముందు మొద్దు జవాబు ఎంతొస్తుందో చూడండి

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. ప్రతి బ్యాచ్‌లో ఒక పాతిక మంది టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పడానికి ర్యాండమ్ ఫారెస్ట్ (చెట్లు అనే చిన్న మోడళ్ళు బోలెడు కలిపి ఓటు వేయించే మోడల్) పెట్టి "79 శాతం యాక్యురసీ సాధించాం" అని బోల్డ్ అక్షరాల్లో రాస్తారు. దాన్ని దేనితో పోల్చాలి మరి?

ఆ 891 మందిలో బతికినవాళ్ళు 342, చనిపోయినవాళ్ళు 549. అంటే డేటా మొహం కూడా చూడకుండా "అందరూ చనిపోయారు" అని చెప్పినా 61.6 శాతం కరెక్టే. ఇప్పుడు ఒక్క కాలమ్, ఆడా మగా అనేది మాత్రం చూద్దాం. ఆడవాళ్ళు 314 మంది, బతికింది 233. మగవాళ్ళు 577, బతికింది 109, అంటే పోయింది 468. "ఆడవాళ్ళైతే బతికారు, మగవాళ్ళైతే లేదు" అనే ఒక్క లైన్ రూల్‌కి 233, 468 కలిపితే 701 కరెక్ట్, 891లో అది 78.7 శాతం. మెషీన్ లెర్నింగ్ లేదు, లైబ్రరీ లేదు, ఒక్క ఇఫ్ కండిషన్. మీ ఐదొందల చెట్ల అడవి దీనిమీద తెచ్చింది పావు శాతం. కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే ఇదే కదా.

అందుకని హోమ్‌వర్క్‌లో మొదటి మోడల్ ఎప్పుడూ ఇలాంటి మొద్దు జవాబే ఉండాలి. ఎక్కువమంది ఏ వర్గమో అదే చెప్పడం, రిగ్రెషన్ (జవాబు ఒక సంఖ్యగా ఉండేది) అయితే అందరికీ సగటు చెప్పడం. ఆ నంబర్ పక్కన మీ నంబర్ పెట్టండి. వందలో రెండే మోసపు లావాదేవీలున్న డేటాలో 98 శాతం యాక్యురసీ అంటే ఏమీ పట్టుకోలేదని కూడా అర్థం కావచ్చు, అలాంటిచోట కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ (దేన్ని ఏదని చెప్పామో చూపే పట్టిక), ప్రెసిషన్ (మోసం అన్నవాటిలో నిజంగా మోసాలెన్ని), రీకాల్ (అసలు మోసాల్లో పట్టుకున్నవెన్ని) చూపించాలి. తేడా పావు శాతమే వచ్చినా పర్వాలేదు, "వచ్చింది ఇంతే, అది కూడా ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ ఎంపికలు మొదలయ్యే నంబర్) మారిస్తే పోతుంది" అని నిజాయితీగా రాసినవాళ్ళకి నేనైతే ఎక్కువ మార్కులే వేశా.

5. లీకేజ్

మోడల్‌ని పరీక్షించాల్సిన డేటా సంగతులు దానికి ముందే తెలిసిపోవడమే లీకేజ్, పరీక్ష పేపర్ ముందే చూసేసి ఫస్ట్ క్లాస్ వచ్చిందని చెప్పుకోవడం లాంటిది. ఖాళీ వయసుల్ని మొత్తం డేటా సగటుతో నింపేసి, స్కేలింగ్ (కాలమ్స్ అన్నిటినీ ఒకే కొలతకి తేవడం) చేసేసి, ఆ తర్వాత ట్రైన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షించడానికి) అని విడగొడతారు, అప్పటికే టెస్ట్ డేటా వాసన ట్రైనింగ్‌కి తగిలేసింది. విడగొట్టడం ముందు, సగటు ట్రైన్ నుంచి మాత్రమే, అదే నంబర్‌ని టెస్ట్‌కి వాడాలి. సైకిట్ లెర్న్ లైబ్రరీలో పైప్‌లైన్ (ఈ స్టెప్పులన్నీ వరసగా కట్టేది) ఉన్నదే ఇందుకు, అందులో పెట్టేస్తే క్రాస్ వాలిడేషన్ (డేటాని మడతలుగా విడగొట్టి మార్చి మార్చి పరీక్షించడం) చేసినప్పుడు ప్రతి మడతలోనూ అదే చూసుకుంటుంది. ఒకే మనిషివి నాలుగైదు వరసలున్న డేటా అయితే మనిషి వారీగా విడగొట్టాలి, లేకపోతే ఆ మనిషే అటూ ఇటూ ఉంటాడు. స్కోరు అనుమానం వచ్చేంత బాగుంటే సంతోషపడకండి, వెతకండి.

6. గ్రాఫ్ కింద ఒక వాక్యం

ప్రతి గ్రాఫ్ కింద, ఇందులో నేనేం చూశాను అని ఒక వాక్యం. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ గ్రాఫ్ తీసెయ్యండి. ఆ వాక్యం రాసేముందు గ్రూపుల వారీగా ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. పామర్ పెంగ్విన్స్ డేటా మీకు తెలిసే ఉంటుంది, అంటార్కిటికా దగ్గర 2007 నుంచి 2009 దాకా సేకరించిన 344 పక్షుల కొలతలు. ముక్కు పొడవుకీ ముక్కు మందానికీ సంబంధం చూస్తే గీత కిందకి దిగుతుంది, కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే నంబర్) మైనస్ 0.24 దగ్గర వస్తుంది. "పొడవు పెరిగితే మందం తగ్గుతుంది" అని రాసేసి వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది. చుక్కలకి జాతిని బట్టి రంగులెయ్యండి, అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ మూడూ విడివిడిగా చూస్తే మూడింట్లోనూ గీత పైకే వెళ్తుంది. జెంటూల ముక్కు పొడుగు, కానీ సన్నం, ఆ గుంపు మొత్తం కుడివైపు కింద కూర్చునేసరికి కలిపిన గీత వంగిపోయింది. సింప్సన్ పారడాక్స్ అంటారు దీన్ని. నేను దీన్ని చదివి నేర్చుకోలేదు, నా హోమ్‌వర్క్ మీద ఒకమ్మాయి "రంగులేసి చూశారా?" అని రెండు ముక్కల కామెంట్ పెడితే నేర్చుకున్నా.

7. సబ్మిట్ నొక్కేముందు

కెర్నల్ (నోట్‌బుక్ వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసి మొత్తం పైనుంచి కిందకి రన్ చెయ్యండి. నోట్‌బుక్‌లో సెల్స్‌ని మనం పైకీ కిందకీ తిరుగుతూ రన్ చేస్తుంటాం, ఎప్పుడో డిలీట్ చేసిన సెల్‌లోని వేరియబుల్ ఇంకా మెమరీలో బతికే ఉంటుంది, మీ దగ్గర పనిచేస్తుంది, పక్కోళ్ళ దగ్గర చస్తుంది. సెల్ పక్కన బ్రాకెట్‌లో ఉండే నంబర్లు 4 తర్వాత 37, తర్వాత 12 అని ఉంటే చూసేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. వరసగా 1, 2, 3 అని రావాలి. కుదిరితే ఆ ఫోల్డర్‌ని జిప్ చేసి వేరే మెషీన్లో విప్పి ఒకసారి నడిపించండి.

పేర్లు లేకుండా రివ్యూ జరిగే కోర్సైతే ఇంకో చిన్న సంగతి. పైన మీ పేరు తీసేస్తారు సరే, కింద ఎక్కడో ఒక వార్నింగ్ మెసేజ్ ప్రింటయ్యి అందులో లైబ్రరీ ఉన్న ఫోల్డర్ అడ్రస్, అందులో మీ యూజర్ పేరు సుబ్బరంగా కనపడుతుంటుంది. టీఏగా ఉన్నప్పుడు సగం మంది ఎవరో నాకిలాగే తెలిసిపోయేది.

8. ఇప్పుడు రివ్యూ: ముందు నడపండి, తర్వాత మాట్లాడండి

ఒక్కో నోట్‌బుక్‌కి గంట పెట్టుకోండి, డెడ్‌లైన్ రోజు రాత్రి మూడూ కలిపి చేద్దామనుకుంటే మూడోవాడికి అన్యాయం జరుగుతుంది. నా వరస ఇదీ.

ముందు ఏమీ చదవకుండా మొత్తం రన్ చేస్తా. ఆగిపోతే ఎక్కడ, ఏ ఎర్రర్ అని రాసుకుంటా, ఒక పదిహేను నిమిషాలు సరిచేసి చూస్తా, మళ్ళీ నడిస్తే ఏం మార్చానో కూడా రాస్తా. అప్పటికీ నడవకపోతే వాళ్ళు సేవ్ చేసి పంపిన అవుట్‌పుట్‌లే చదువుతా. నాకు వచ్చిన ఆ ఒక్క లైన్ రివ్యూలో తప్పేంటంటే, అక్కడితో ఆపెయ్యడమే.

తర్వాత చివరికెళ్ళి కన్‌క్లూజన్ చదువుతా. అందులో ఒక్క నంబర్ పట్టుకుని వెనక్కి నడుస్తా, అది ఏ సెల్‌లో వచ్చింది, ఆ సెల్‌కి డేటా ఎక్కడ్నుంచి వచ్చింది, ఎన్ని వరసలున్నాయి, ఏవి తీసేశారు, అలా ఒరిజినల్ ఫైల్ దాకా. అన్నీ చూడక్కర్లేదు, ఒక్కటి చాలు, కానీ దాన్ని మొదలంటా చూడాలి.

ఇలా వెనక్కి నడవడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక హోమ్‌వర్క్ కథ ఉంది. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అని ఇద్దరు పేరున్న ఎకనామిస్టులు 2010లో ఒక పేపర్ రాశారు, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని. పొదుపు చర్యలు కావాలన్న రాజకీయ నాయకులు దాన్ని తెగ వాడుకున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్హెర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్‌కి ఏదైనా అచ్చయిన పేపర్ తీసుకుని దాని ఫలితాలు మళ్ళీ తెప్పించమని కోర్సులో హోమ్‌వర్క్ ఇచ్చారు. ఇతను ఈ పేపర్ తీసుకున్నాడు, ఎంత చేసినా ఆ నంబర్లు రావట్లేదు, చివరికి రచయితల్నే అడిగితే వాళ్ళు తమ స్ప్రెడ్‌షీట్ పంపారు. తెరిచి చూస్తే సగటు తీసే ఎక్సెల్ ఫార్ములా ఇరవై దేశాల వరసల్లో పదిహేనుకే వెళ్తోంది, ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయటే ఉండిపోయాయి. అదొక్కటే కాదులెండి, కొన్ని దేశాల కొన్ని సంవత్సరాలు లెక్కలోకి రాలేదు, దేశాలకి వెయిట్ ఇచ్చిన పద్ధతి మీద కూడా అభ్యంతరాలొచ్చాయి, నిజానికి పెద్ద తేడా ఆ రెండిటి వల్లే వచ్చింది. 2013లో హెర్న్‌డన్ తన ప్రొఫెసర్లు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌తో కలిసి రాసిన లెక్క ప్రకారం ఆ సగటు 2.2 శాతం. ఎక్సెల్ తప్పు జరిగిందని రచయితలూ ఒప్పుకున్నారు, మిగతావాటి మీద వాదన నడిచింది. ఇక్కడ నాకు నచ్చేది ఇంకొకటుంది, అడిగితే వాళ్ళు ఫైల్ పంపారు. పంపకపోతే ఇదేదీ బయటికొచ్చేది కాదు.

9. కామెంట్ రాయడం

పిల్లల రివ్యూల్లో నేను ఎక్కువగా చూసిన రోగం మొహమాటం. "చాలా బాగుంది, గ్రాఫులు నీట్‌గా ఉన్నాయి, ఇంకొంచెం వివరిస్తే బాగుండేది." ఇది ఏ నోట్‌బుక్‌కైనా అతికించొచ్చు, అంటే దేనికీ పనికిరాదు. చాట్‌బాట్‌తో రాయించిన రివ్యూలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి, పొడుగు ఎక్కువ అంతే (పైగా వేరేవాళ్ళ పనిని అడక్కుండా అందులో పెట్టొచ్చా అనేది మీ కోర్సు రూల్స్‌లో చూసుకోండి). రెండో రోగం దీనికి ఎదురుగా ఉంటుంది, "నీకు బేసిక్స్ రావు" అనే రకం.

కామెంట్‌లో ఎక్కడ, ఏంటి, దానివల్ల ఏమవుతుంది, నేనైతే ఏం చేస్తా, ఈ నాలుగూ ఉంటే చాలు. ఉదాహరణకి "డేటా క్లీనింగ్ సరిగ్గా లేదు" అనేదాన్ని ఇలా రాయొచ్చు: "ఎనిమిదో సెల్‌లో ఖాళీ ఉన్న వరసలన్నీ తీసేశారు, నేను రన్ చేస్తే 891 కాస్తా 183 అయ్యాయి. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఫస్ట్ క్లాస్ వాళ్ళు, కాబట్టి చివర్లో చెప్పిన బతికినవాళ్ళ శాతం అందరికీ వర్తించదేమో. క్యాబిన్ కాలమ్ పక్కన పెట్టేసి మళ్ళీ చూస్తారా?" చూడండి, తిట్టు లేదు, పొగడ్త లేదు, చదివినవాడు వెంటనే లేచి చెయ్యగలిగే పని ఉంది.

తప్పో కాదో మీకే గట్టిగా తెలియకపోతే ప్రశ్నగా అడగండి. మీరు రాసిన దాంట్లో ఏది తప్పనిసరిగా మార్చాలి, ఏది మీ టేస్ట్ మాత్రమే అన్నది విడగొట్టి చెప్పండి, వేరియబుల్ పేర్లు నచ్చకపోవడం, లీకేజ్ రెండూ ఒకే గొంతుతో చెప్తే వాళ్ళు పేర్లు మార్చి ఊరుకుంటారు. మెచ్చుకోవాల్సింది ఉంటే అది కూడా సెల్ నంబర్‌తో సహా.

మార్కులు రూబ్రిక్‌లో ఏముంటే దానికే. స్నేహితుడిదని అనుమానమొచ్చినా, నాకూ రేపు వాళ్ళు తగ్గిస్తారేమో అని భయమేసినా అదే లెక్క. ఇక నోట్‌బుక్ ఇంకెవరిదో కాపీలా అనిపిస్తే కామెంట్లలో గొడవ పెట్టుకోకండి, ప్రైవేట్‌గా టీఏకి చెప్పండి, తేల్చే పని వాళ్ళది. వాళ్ళ కోడ్‌లో మంచి ఐడియా కనిపించి మీ ఫైనల్ వెర్షన్‌లో వాడుకోవాలనుకుంటే ముందు కోర్సు ఒప్పుకుంటుందా చూసుకోండి, ఒప్పుకుంటే ఫలానా సబ్మిషన్ చూసి నేర్చుకున్నా అని ఒక లైన్ రాసెయ్యండి.

10. మీ రివ్యూలొచ్చాక

చదివి ఫైల్ మూసేసి ఒక పూట వదిలెయ్యండి. అదే గంటలో జవాబు రాస్తే అందులో కోడ్ కన్నా ఉక్రోషమే ఎక్కువ ఉంటుంది, నా అనుభవం.

తర్వాత మూడు కాలమ్స్ టేబుల్ ఒకటి పెట్టుకోండి. వాళ్ళేమన్నారు, నేనేం చేశాను, ఏ సెల్‌లో. ప్రతి కామెంట్‌కీ ఒక వరస, చిన్నదైనా సరే. ఇద్దరు రివ్యూయర్లు ఒకే చోట తడబడ్డారంటే అక్కడ మీరు ఎంత కరెక్టైనా రాసిన తీరు బాగోలేదని అర్థం, తిరగరాయండి. ఒప్పుకోని కామెంట్ ఉంటే మార్చక్కర్లేదు, కానీ కారణం రాయాలి: "సగటు బదులు మీడియన్ (మధ్య విలువ) వాడమన్నారు, రెండూ చేసి చూశా, ఫలితం మారలేదు, పోలిక పదిహేనో సెల్‌లో ఉంది" అన్నట్టు. ఒక్కోసారి రివ్యూయర్ చెప్పిందే తప్పవుతుంది, అది కూడా మర్యాదగా, సెల్ చూపించి చెప్పొచ్చు.

మార్పులన్నీ అయ్యాక మళ్ళీ కెర్నల్ రీస్టార్ట్ చేసి మొత్తం రన్ చెయ్యండి. రివ్యూలో చెప్పినవన్నీ సరిచేసి, ఆ కంగారులో కొత్తగా ఇంకోటి విరగ్గొట్టి, చూసుకోకుండా ఫైనల్ సబ్మిట్ చేసినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నేను కూడా ఒకసారి ఉన్నా, ఈసారి ఆగింది ఐదో సెల్ దగ్గర.